నాలుగు మాత్రల అట్ట

నమస్కారమండీ. చిత్తూరులో మందుల షాపు నడుపుతున్నాను, ఇరవై ఆరేళ్లుగా అదే కౌంటరు, అదే స్టూలు. డాక్టర్ని కాదు, ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ నిశ్చింత. కానీ డాక్టరుగారి గదిలో నోరు పెగలని ప్రశ్నలన్నీ మందుల చీటీతో పాటు మా దగ్గరికే వస్తాయి, పైగా నాకిప్పుడు 58, నెలసరి ఆగి పదేళ్లయింది, కాబట్టి వాటిలో కొన్ని నా ప్రశ్నలు కూడా.

పోయిన నెల మా వీధి చివరి అత్త ఒకామె వచ్చి, కొంగు ముడిలోంచి నాలుగు మాత్రల అట్ట తీసి కౌంటరు మీద పెట్టింది. ఎముకలు గుల్లబారితే వాడే అలెండ్రోనేట్ మాత్రలు అవి. ఒకటి వాడింది, మూడు అట్లే ఉన్నాయి. "ఏమ్మా, ఇవి ఏసుకుంటే దవడ ఎముక కుళ్లిపోతాదంట గదా, మా కోడలు ఫోన్లో చూసి చెప్పింది, వాపసు తీసుకో" అంది. అట్ట పట్టుకున్న ఆ చేతి మణికట్టు కొంచెం వంకరగా ఉంది. పోయిన సంక్రాంతికి వాకిట్లో ముగ్గు వేస్తూ వెనక్కి కూలబడి చేయి ఆనిస్తే విరిగింది, అతుక్కుంది గానీ సూటిగా అతుక్కోలేదు. నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే ఆ ఎముక గుల్లబారిందని అర్థం, ఇంకోటి విరిగే ప్రమాదమూ ఎక్కువే. అత్త మాత్రం రాని దవడ జబ్బుకు భయపడుతోంది, విరిగిన చేతిని మరిచిపోయింది.

గుల్లబారిన ఎముక విరిగేదాకా నొప్పి పెట్టదండీ. మోకాలు అరిగితే నొప్పి, అది వేరే సంగతి, రెండింటినీ కలిపేసి "ఎముకలరుగుదల" అనేస్తాం. మన ఒంట్లో పాత ఎముకను తినేసే కణాలు కొన్ని, కొత్తది కట్టే కణాలు కొన్ని ఉంటాయి. ఈస్ట్రోజన్ అనే ఆడవాళ్ల హార్మోను ఉన్నన్నాళ్లు తినేవాటికి కళ్లెం ఉంటుంది, నెలసరి ఆగిపోయాక ఆ కళ్లెం జారిపోతుంది, మొదటి ఐదు నుంచి ఏడేళ్లలోనే కొందరికి ఎముక సాంద్రతలో 20 శాతం దాకా పోతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు, అంటే వయసులో ఉన్నవాళ్ల ఎముకతో పోల్చి చెప్పే లెక్క, మైనస్ 2.5, అంతకన్నా కిందకి ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటారు. నాది నడుము దగ్గర మైనస్ 2.7. చూసినప్పుడు నాకూ టెన్షనే, రోజూ అమ్మే మందు నాకే రాస్తారనుకోలేదు.

సరే, దవడ. ఉంది, అబద్ధం కాదు. పన్ను పీకాక పుండు మానకుండా ఎముక బయటపడే జబ్బు అది, క్యాన్సర్ రోగులకు ఇదే జాతి మందు చాలా పెద్ద మోతాదుల్లో ఇస్తారు కాబట్టి ఎక్కువగా వాళ్లలో కనిపిస్తుంది. ఎముకలు గుల్లబారినందుకు వాడే మోతాదులో అయితే పదివేల మంది ఏడాదిపాటు వాడితే ఒకరికి, చాలా అంచనాల్లో అంతకన్నా తక్కువే. నేను చేసిందల్లా మందు మొదలుపెట్టకముందే కదులుతున్న దంతం పీకించుకుని, పుండు మానిందాకా ఆగడం.

దవడకన్నా మనం అడగాల్సింది తొడ గురించి. ఈ మాత్రలు ఏళ్లతరబడి వాడితే కొద్దిమందికి తొడ ఎముక మధ్యలో, దెబ్బ తగలకుండానే, అడ్డంగా విరుగుతుంది. ఆసియా స్త్రీలకు ఇది ఎక్కువని అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాలో సుమారు రెండు లక్షల మంది ఆడవాళ్ల రికార్డులు చూసి 2020లో తేల్చారు. ఆ లెక్క నాకు బాగా నచ్చింది, ఎందుకంటే రెండు వైపులా చెప్పింది. పదివేల మంది ఆసియా స్త్రీలు మూడేళ్లు వాడితే 91 తుంటి విరుపులు తప్పుతాయి, 8 తొడ విరుపులు కొత్తగా వస్తాయి. తెల్లవాళ్లలో అదే 149 తప్పుతాయి, 2 వస్తాయి. అంటే తూకం మనకు కొంచెం తగ్గింది, అయినా మందు వైపే మొగ్గింది. తుంటి విరిగి మంచాన పడ్డ ముసలివాళ్లను చూసినవాళ్లకు ఆ 91 అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

ఈ తొడ ఎముక విరగబోయే ముందు చాలాసార్లు వారాలకొద్దీ గజ్జల్లోనో తొడలోనో సలుపు పెడుతుంది. మనవాళ్లేమో అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కాం గదా, తొడలు నొప్పి పుట్టవా అనుకుంటారు. మెట్ల నొప్పి నాలుగు రోజుల్లో పోతుంది. పోని నొప్పి ఉంటే మందు పేరు చెప్పి రెండు తొడలకూ ఎక్స్‌రే తీయించుకోండి.

ఇక నా కౌంటరు దగ్గర నిజంగా మందు మానిపించేది దవడా కాదు, తొడా కాదు, గుండెల్లో మంట. అలెండ్రోనేట్ వారానికొకటి, పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. మాత్ర గొంతులో ఆగితే అన్నవాహిక పుండు పడుతుంది, అందుకే ఆ నీళ్లు, ఆ కూర్చోవడం. కాఫీతో మింగితే ఒంటికి పట్టేది సగానికి పైగా పడిపోతుంది, పాలు, కాల్షియం మాత్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. మనకేమో లేవగానే కాఫీ పడాలి! థైరాయిడ్ మాత్ర కూడా పొద్దున్నే వేసుకునేవాళ్లు ఆ ఒక్కరోజు ఏది ఎప్పుడో డాక్టరునే అడగండి.

నాకు ముందు నుంచే ఎసిడిటీ. అందుకే వేలూరు డాక్టరు ఏడాదికొకసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్ రాశారు. ముందు కిడ్నీ పరీక్ష, కాల్షియం, విటమిన్ డి చూశారు. పావుగంట దాటి కాసేపు, అంతే, ఇంటికొచ్చాను. మర్నాటి రాత్రి ఒళ్లంతా విరగ్గొట్టినట్టు నొప్పులు, 101 జ్వరం, పారాసిటమాల్ వేసుకుని రెండు రోజులు పడుకున్నాను. మొదటిసారే ఎక్కువ, రెండో ఏడు అంత రాలేదు.

ఇప్పుడు నేను చెప్పడానికి వచ్చిన అసలు విషయం. ఆరు నెలలకొకసారి పొట్ట దగ్గర చర్మం కింద వేసే సూది ఒకటుంది, డెనోసుమాబ్. కిడ్నీ బాగా లేనివాళ్లకు కాల్షియం పడిపోకుండా జాగ్రత్తగా ఇస్తారు, మంచి మందే. మా దగ్గర ఒక టీచరమ్మ మూడుసార్లు వేయించుకుంది. తర్వాత బెంగళూరులో కూతురి కాన్పుకు పోయి ఉండిపోయింది, "స్కోరు పెరిగింది గదా, ఇంకెందుకు" అనుకుంది. తిరిగొచ్చేసరికి నడుం వంగిపోయి ఉంది, వెన్నుపూసలు రెండు నలిగాయి. ఆ మందు ఎముకలో నిలవ ఉండదు. ఆపగానే అంతవరకూ కళ్లెం వేసి ఉన్న, ఎముకను తినే కణాలన్నీ ఒక్కసారిగా తెంచుకుని ఎముక మీద పడతాయి. ఆపాల్సి వస్తే దాని స్థానంలో వేరే మందు మొదలుపెట్టి ఆపాలి. మూడుసార్లూ ఫ్రిజ్‌లోంచి తీసిచ్చింది నేనే, డబ్బులు లెక్కపెట్టుకుందీ నేనే, ఈ ఒక్క మాట చెప్పలేదు.

అలెండ్రోనేట్, ఆ సెలైన్ దీనికి ఎదురు. అవి ఎముకలో ఏళ్లపాటు అంటుకుని ఉంటాయి. అందుకే మాత్రలు ఐదేళ్లు, సెలైన్లు మూడు అయ్యాక, ప్రమాదం తక్కువగా ఉన్నవాళ్లకు డాక్టర్లే కొన్నాళ్లు విరామం ఇస్తారు, తొడ ప్రమాదం కూడా ఆ విరామంలో తగ్గుతుంది. పక్కింటామెకు డాక్టరు మందు ఆపమన్నారని మీరు సూది ఆపేయకండి, ఆమెది వేరే మందు.

ఇంకా ఉన్నాయి. వెన్నుపూసలు ఇప్పటికే నలిగినవాళ్లకు రోజూ వేసుకునే టెరిపరాటైడ్ సూది కొత్త ఎముక కడుతుంది, రెండేళ్లు దాటి మామూలుగా ఇవ్వరు, ఆపాక వేరే మందుతో ఆ ఎముకను నిలబెట్టుకోవాలి, ఖర్చూ ఎక్కువే. రాలోక్సిఫీన్ అనే మాత్ర వెన్నుకు పనిచేస్తుంది, తుంటికి అంతగా రుజువు లేదు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే వద్దు.

రాగి సంగటి చాలదా అని అడుగుతారు. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, మన జిల్లా అదృష్టం. రోజుకు 1,000 నుంచి 1,200 కావాలి, పెరుగు, మునగాకు కలుపుకోండి. కానీ ఇప్పటికే విరిగిన ఎముకకు సంగటి ఒక్కటే మందు కాదు. విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి ఎనిమిది వారాలు రాస్తే ఎనిమిది నెలలు కొనేవాళ్లున్నారు, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీలో రాళ్లు.

ఇప్పుడు మా షాపులో వెంకటేశ్వరస్వామి క్యాలెండరు మీద సూది వేయించుకునేవాళ్ల తేదీలు ఎర్ర ఇంకుతో రాసిపెడుతున్నాను, వారం ముందే ఫోను చేస్తాను. అత్త మూడు మాత్రలూ మళ్లీ కొంగున ముడేసుకుని పోయింది. శనివారం ఎటూ ఉపవాసమే, ఆ రోజైతే మరిచిపోనంది. మొన్న శనివారం తెల్లారి ఆరున్నర కాకముందే ఫోను. "అరగంట అయిపోయిందామ్మా? కాఫీ పొయ్యి మీదుంది."

ఇంకా ఐదు నిమిషాలుంది అత్తా, అన్నాను.