గుట్ట మీది శివుడు, గుట్ట కింది నీళ్లు

అందరికీ నమస్కారం. థాయ్‌లాండ్ అనగానే మనవాళ్లకు బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్ తప్ప ఇంకో పేరు తట్టదు. నేను బురీరామ్ గురించి చెప్తాను. బ్యాంకాక్‌కు ఈశాన్యంగా దాదాపు 400 కిలోమీటర్లు. వరి పండించే జిల్లా, దక్షిణాన కంబోడియా సరిహద్దు. పల్లెల్లో ఇప్పటికీ కంబోడియా భాష ఖ్మేర్ మాట్లాడేవాళ్లు చాలామంది.

అక్కడ చల్లారిన అగ్నిపర్వతం మీద ఫనోమ్ రుంగ్ అనే శివాలయం ఉంది. 10 నుంచి 13వ శతాబ్దం దాకా కట్టారు. ప్రధాన ఆలయం 12వ శతాబ్దానిది. కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ కట్టించిన ఖ్మేర్ రాజు రెండో సూర్యవర్మకు బంధువైన నరేంద్రాదిత్యుడు కట్టించాడు. తూర్పు వాకిలి మీద నటరాజు, ఆయన కింద శేషశాయి విష్ణువు. మనకు గైడు అక్కర్లేదు! ఆ శేషశాయి ఉన్న రాతి దూలాన్ని 1960లలో ఎవరో ఎత్తుకుపోయారు. చివరికి అమెరికాలో, షికాగో మ్యూజియంలో తేలింది. థాయ్ ప్రజలు పెద్ద గొడవ చేస్తే 1988లో తిరిగొచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలోనూ, సెప్టెంబరులోనూ కొద్దిరోజులు ఉదయించే సూర్యుడు వరసగా ఉన్న 15 ద్వారాల గుండా కనిపిస్తాడు. మబ్బు పట్టకపోతేనే అనుకోండి.

చాలామంది ఫొటోలు దిగి ఇక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోతారు. నన్నడిగితే అది రామప్ప గుడి చూసి చెరువు చూడకుండా వచ్చేయడమే. గుట్ట దిగితే మువాంగ్ తమ్ ఆలయం. ప్రాకారం లోపల నాలుగు మూలలా నాలుగు కోనేళ్లు, గట్టుల మీద ఐదు తలల నాగులు, నీళ్లలో తామరలు. పక్కనే ఖ్మేర్ కాలంలో తవ్వించిన చెరువు, పొడవు సుమారు కిలోమీటరు. వానలు కొన్ని నెలలే పడే మెట్ట నేల అది. నీళ్లు నిలబెట్టుకోకపోతే ఊరూ లేదు, గుడీ లేదు.

కొత్త చెరువుల కథ ఇంకా బాగుంటుంది. థాయ్‌లాండ్‌లో సారస కొంగలు దశాబ్దాల క్రితమే అంతరించాయి. జూలో పెంచిన పిల్లల్ని 2011 నుంచి బురీరామ్ జలాశయాల దగ్గర వదిలారు. అవి వరి మళ్లలోనే గూళ్లు కట్టి గుడ్లు పొదుగుతున్నాయి. మనిషంత ఎత్తు పక్షి మడి మధ్యలో గూడు పెడితే రైతుకు టెన్షనే కదా! అయినా కొందరు మందులు కొట్టడం మానేసి, ఆ బియ్యాన్ని సారస బియ్యమని అమ్ముకుంటున్నారు.

వెళ్లాలనుకుంటే బ్యాంకాక్ నుంచి రైలుంది, విమానముంది. గుళ్లకు దగ్గరి ఊరు నాంగ్ రోంగ్, అక్కడ బండి మాట్లాడుకోవాలి. 2025లో ఆ సరిహద్దులో రెండు దేశాల సైన్యాలు కాల్పులు జరుపుకున్నాయి. టికెట్లు కొనేముందు పరిస్థితి కనుక్కోండి.