చెయ్యి వణికే వేళకు పనికొచ్చే యాప్

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న అమ్మలకూ అయ్యలకూ, కావలి, కందుకూరు వైపు నుంచి వచ్చిన ఇంజనీరింగ్ పిల్లలకూ నమస్కారం. షుగరున్న పెద్దవాళ్లు తేలిగ్గా వాడుకునే ఫోను యాప్ గురించి మాట్లాడమన్నారు. కంటికీ చెవికీ సంబంధించినవి ముందు చెప్పేస్తాను.

తెలుగు అక్షరానికి కింద వత్తుంటుంది. అక్షరం పెద్దది చేస్తే చాలా యాపుల్లో అది తెగిపోయి, ‘అన్నం’ కాస్తా ‘అనం’ అవుతుంది. వరుసల మధ్య ఎడం పెంచండి, పెట్టె ఎత్తు బిగించకండి. బొత్తానికి ఆండ్రాయిడ్ చెప్పే కనీస కొలత 48 డీపీ (డీపీ అంటే తెర మీద సైజు కొలిచే లెక్క). మనవాళ్లకు 60 పెట్టండి. అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా కనీసం 7:1 ఉండాలి. సన్నగా కీచుమనే మోత ముసలి చెవికి అందదు, మంద్రంగా ఉండాలి.

అసలు సంగతికి వస్తాను. షుగరు 70 (mg/dL) కిందికి పడింది. చెమటలు, వణుకు, కళ్లు మసక, మాట తడబాటు. ఆ మనిషి యాప్ తెరిస్తే ఓటీపీ అడుగుతుంది! లోపలికెళ్తే నెల గ్రాఫు. అయ్యా, ఆ వేళకు గ్రాఫెందుకు? తెర తెరవగానే ‘షుగరు పడిపోయింది’ అని ఒకే పెద్ద బొత్తాం ఉండాలి. నొక్కితే నెట్ లేకపోయినా తెలుగులో గొంతు పలకాలి: 15 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు మూడు టీ చెంచాల పొడి, నీళ్లలో కలిపి తాగండి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయమని ఇంట్లోవాళ్లకూ చెప్పాలి.

చక్కెర చాలదా అంటారు. చాలామందికి చాలుతుంది. కానీ మన దగ్గర రాసే, మూడు మందులు ఒకటిగా కలిపిన షుగరు మాత్రల్లో కొన్నిటిలో వోగ్లిబోజ్ అనే మందు ఉంటుంది. పేగులో చక్కెర విడిపోవడాన్ని అది అడ్డుకుంటుంది. వాళ్లకు గ్లూకోజే కావాలి. అందుకే మాత్ర పేరు యాప్‌కి తెలిసి ఉండాలి.

ఇక సిరంజి. దీని మీద కొంచెం ఎక్కువ సేపు తీసుకుంటాను, ఓర్చుకోండి. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ దొరుకుతాయి, 100 యూనిట్లవీ దొరుకుతాయి. 40 సిరంజికి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు! ప్రాణం మీదికొస్తుంది. తారుమారై 40 మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 8 యూనిట్లే వెళ్లి షుగరు పెరిగిపోతుంది. ‘20 యూనిట్లు వేసుకోండి’ అని మోగి ఊరుకునే యాప్ సగం పనే చేసింది. ‘సీసా మీద 40 ఉందా, 100 ఉందా? సిరంజి మీద?’ అని రెండు పెద్ద అంకెల్లో అడగాలి. రంగును మాత్రమే నమ్ముకోకండి. శుక్లమున్న కంటికి ఎరుపూ నారింజా ఒకేలా కనబడొచ్చు. వెనక కూర్చున్న పిల్లలూ, దీన్ని దయచేసి రాసుకోండి.

తిండి జాబితాలో ఓట్స్ కాదు, సంగటి, సద్దన్నం, చేపల పులుసు ఉండాలి. గుర్తుచేసే వేళ ‘8 గంటలు’ అని కాదు, ‘టిఫిన్‌కు ముందు’ అని ఉండాలి. రోహిణి కార్తె ఎండల్లో, వాడుతున్న ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటిన చోట పెట్టొద్దని రోజూ చెప్పాలి.

యాప్ తయారయ్యాక ఏసీ గదిలో చూసి సంతోషపడకండి. డేటా ఆపి, వేళ్లు తడుపుకుని, కళ్లద్దాలు తీసి, ఎండలో నిలబడి ఆ ఒక్క బొత్తాం వెతకండి. వెంటనే దొరక్కపోతే మళ్లీ గీయండి.