హామాక్‌లో చలి కిందినుంచే పుడుతుంది

శ్రోతలకు నమస్కారం.

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, అరకు వైపు వెళ్లి, గుడారానికి బదులు రెండు చెట్ల నడుమ హామాక్, అంటే గుడ్డతో చేసిన ఊయల పడక, కట్టుకుని రాత్రి గడపాలని సరదాపడేవారి కోసం ఈ నాలుగు మాటలు. సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి పరిసరాల్లో ఆ రోజుల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత తరచుగా 10 డిగ్రీల లోపుకు దిగిపోతుంది. వేసవిలో వీపుకు గాలి తగిలి హాయినిచ్చే పడకే అప్పుడు కునుకు పట్టనివ్వదు.

పైన ఇంకొక దుప్పటి కప్పుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మనల్ని వెచ్చగా ఉంచేది ఆ పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఎంత ఖరీదైన స్లీపింగ్ బ్యాగ్‌లో దూరినా, ఒంటి బరువుకు వీపు కింది భాగం అట్టలా అణిగిపోయి అందులోని గాలి బయటికి పోతుంది. పైగా అడుగున వీచే గాలి హామాక్ పల్చని నైలాన్ గుడ్డను తాకుతూ ఒంటి వేడిని రాత్రంతా తోడేస్తూనే ఉంటుంది.

అందుకే అండర్‌క్విల్ట్ అనే బొంతను హామాక్ లోపల పరచకుండా, వెలుపల అడుగున వేలాడదీస్తారు. మన బరువు పడదు కనుక అది పొంగినది పొంగినట్లే ఉంటుంది. నేర్పంతా దాన్ని కట్టడంలోనే ఉంది. వదులైతే సందులోంచి చలిగాలి దూరుతుంది, మరీ బిగిస్తే బొంత అణిగి పనికిరాకుండా పోతుంది. పడుకున్నాక చెయ్యి బయటికి చాచి నడుము కింద తడిమి చూసుకోవాలి: బొంత హామాక్ గుడ్డకు ఆనుకునే ఉండాలి, వేలితో నొక్కితే మాత్రం మెత్తగా దిగాలి. ఆ తర్వాత తల వైపు, కాళ్ల వైపు ఉన్న తాళ్లు లాగి రెండు కొసలూ మూసేయాలి.

అంత ఖర్చు వద్దనుకునేవారికి గట్టి ఫోమ్ చాప చాలు. అది బరువుకు అంతగా అణగదు. అయితే నిద్రలో జారిపోతుంది, భుజాలకు చాలదు. భుజాల కింద అడ్డంగా మరో ముక్క వేసుకోవాలి. నా మటుకు నేను మొదటిసారి వెళ్లేవారికి ఈ చాపనే సూచిస్తాను.

చోటు ఎంచుకోవడమూ ముఖ్యమే. నిర్మలమైన రాత్రుల్లో చల్లని గాలి బరువెక్కి లోయ అడుగుకు జారి నిలుస్తుంది, కొండ నెత్తిన ఈదురుగాలి కొడుతుంది. కనుక గాలి మరుగున్న వాలు మేలు. పైన కట్టే టార్పాలిన్‌ను గాలి వచ్చే వైపు నేలదాకా దించి కట్టాలి. చెమట పట్టిన మేజోళ్లు మార్చుకుని, కాస్త తిని, వేడినీళ్ల సీసాను మూత గట్టిగా బిగించి గుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే మంచిది.

చలికి తట్టుకోలేక టార్పాలిన్ కింద నిప్పుల కుంపటి మాత్రం పెట్టకండి. బొగ్గునుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవారికి ప్రమాదం జరుగుతున్నట్లే తెలియదు.