సీలు తీయలేదు సార్! (విదేశీ ప్రయాణాలు, మద్యం చట్టాలు: ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. తిరుపతి నుంచి ప్రత్యక్ష ప్రసారం. ఒక్కో దేశంలో మద్యం చట్టం ఒక్కో రకం. వెళ్లేవారికి వచ్చే సందేహాలకు మన న్యాయ సలహాదారు జవాబు చెప్తారు. గల్ఫ్‌లో 22 ఏళ్లు పనిచేసి వచ్చిన వ్యక్తి. మొదటి ఫోను చిత్తూరు నుంచి.

శ్రోత (చిత్తూరు): నమస్కారం సార్. లారీ డ్రైవర్‌ని. తోతాపురి గుజ్జు డ్రమ్ములు వేసుకుని గుజరాత్ వెళ్తున్నాను. విదేశం కాదు, అడగవచ్చా?

సలహాదారు: అడుగు నాయనా. ఈ విషయంలో గుజరాత్ విదేశం కంటే తక్కువేమీ కాదు. 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ నిషేధమే. బయటి నుంచి వచ్చేవారికి పర్మిట్ ఇచ్చే పద్ధతి ఉంది. పర్మిట్ లేకుండా సీటు కింద క్వార్టరు సీసా దాచుకుంటే కేసే. బిహార్ ఇంకా గట్టి. 2016 ఏప్రిల్ నుంచి పూర్తి నిషేధం. సీసా దొరికితే బండిని కూడా స్వాధీనం చేసుకోవచ్చు. బండి నీదేనా?

శ్రోత: ఓనరుది సార్.

సలహాదారు: అయితే ఓనరుకు ఏం చెప్పాలో ఇప్పుడే ఆలోచించుకో.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాత పీలేరు నుంచి.

శ్రోత (పీలేరు): హలో... హలో... వినపడుతోందా?

వ్యాఖ్యాత: వినపడుతోందండీ. రేడియో శబ్దం కాస్త తగ్గించండి.

శ్రోత: తగ్గించమంటున్నారు, తగ్గించు... ఆ, సార్, నమస్కారం. మా పెద్దబ్బాయి కువైట్ వెళ్తున్నాడు. రేపు రాత్రి మద్రాసులో విమానం. డ్రైవర్ వీసా. వాడిని డిప్లొమా చదివించాం, ఆ కాలేజీలో ఏమైందంటే... సరే, అది వదిలేయండి. వాడికి రాయచోటిలో ఒక స్నేహితుడు. అంటే స్నేహితుడు కువైట్‌లో ఉన్నాడు, తమ్ముడు రాయచోటిలో. ఆ తమ్ముడు మొన్న వచ్చి అన్నకు ఇవ్వమని ఒక సీసా ఇచ్చి వెళ్లాడు. మంచి సరుకే సార్, సీలు కూడా తీయలేదు. బిల్లు ఉంది. పెట్టెలో లుంగీల మధ్య పెట్టాం. ఫరవాలేదు కదా?

సలహాదారు: పెట్టె కట్టేశారా?

శ్రోత: తాడు కూడా బిగించాం సార్.

సలహాదారు: విప్పండి. కువైట్‌లో మద్యం పూర్తిగా నిషేధం. అమ్మడం, తేవడం, తాగడం, ఏదీ కుదరదు. దుబాయ్ హోటల్లో తాగారు, బహ్రెయిన్‌లో దొరుకుతుంది అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. అవి వేరే దేశాలు. ఆ దుబాయ్ పక్కనే ఉన్న షార్జాలో చుక్క దొరకదు, రెండూ ఒకే దేశమైనా సరే. దిగిన నేల చట్టమే చట్టం. ఇది నేను పదిసార్లు చెప్తాను, విసుక్కోకండి.

శ్రోత: లేదు సార్, విసుగేముంది. అయితే ఎయిర్‌పోర్టులో పన్ను లేని షాపు ఉంటుందటగా, అక్కడ కొనుక్కుంటే?

సలహాదారు: ఎక్కడ కొన్నా దిగేది కువైట్‌లోనే కదండీ!

శ్రోత: అంటే సీలు తీయలేదు కదా సార్, అందుకని...

సలహాదారు: అయ్యా, మీరు కొండకు వెళ్తుంటారా?

శ్రోత: ఏడాదికి రెండుసార్లు నడిచి వెళ్తాం సార్.

సలహాదారు: అలిపిరి దగ్గర సంచి తీసి చూస్తారు. అక్కడ సీసా బయటపడితే "సీలు తీయలేదు స్వామీ" అంటే పైకి పంపిస్తారా?

శ్రోత: రామ రామ! కొండకు అట్లాంటివి ఎవరు తీసుకువెళ్తారు సార్?

సలహాదారు: కువైట్‌నూ అట్లాగే అనుకోండి. నేను కళ్లారా చూశాను, ఒకాయన ఆవకాయ జాడీలో సీసా దించి పైన నాలుగు వేళ్ల ఎత్తు నూనె పోశాడు. స్కానింగ్ యంత్రానికి నూనె అడ్డమా? అధికారి చేతికి తొడుగు వేసుకుని సీసా బయటకు లాగాడు. ఎర్రటి నూనె బల్ల అంచు మీది నుంచి ఆ ప్రయాణికుడి కొత్త చెప్పుల మీదికి కారింది. పాపం, ఆ చెప్పులతోనే తీసుకుపోయారు. జైలు, ఆ తర్వాత వెనక్కి పంపడం. వీసాకు చేసిన అప్పు మాత్రం ఇంటి దగ్గర వడ్డీతో పెరుగుతూనే ఉంటుంది.

శ్రోత: అప్పు ఉంది సార్, మాకూ ఉంది.

సలహాదారు: మరొక మాట మీ అబ్బాయికి చెప్పండి. దొరకని చోట నాటు సరుకు పుడుతుంది. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన కల్తీ మద్యం తాగి 23 మంది చనిపోయారు. చూపు పోయినవారూ ఉన్నారు. గదిలో ఎవరైనా గ్లాసు చేతికిస్తే లేచి బయటకు వచ్చేయమనండి. మీది కాని సామాను మీ పెట్టెలో పెట్టుకోకండి. స్నేహితుడైనా, స్నేహితుడి తమ్ముడైనా.

శ్రోత: సరే సార్... సౌదీలో మాత్రం షాపు తెరిచారని పేపర్లో...

సలహాదారు: 2024లో రియాద్‌లో తెరిచారు. మొదట ముస్లిమేతర దౌత్యాధికారుల కోసం. మీ అబ్బాయి రాయబారిగా వెళ్తున్నాడా?

శ్రోత: డ్రైవర్‌గానే సార్.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తిరుపతి నుంచి.

శ్రోత (తిరుపతి): మా అబ్బాయి అమెరికా చదువుకు వెళ్తున్నాడండీ. 20 ఏళ్లు. అక్కడ అందరూ...

సలహాదారు: అక్కడ కొనాలంటే 21 నిండాలమ్మా. 1984 చట్టంతో రాష్ట్రాలన్నీ ఆ వయసుకే వచ్చాయి. జర్మనీలో అయితే 16కే బీరు కొనవచ్చు. ఏ దేశానిది ఆ దేశానికే. అమెరికాలో అసలు ప్రమాదం తాగి బండి నడపడం. పోలీసులు పట్టుకుంటే వీసా కూడా రద్దు కావచ్చు.

శ్రోత: మావాడు తాగడండీ.

సలహాదారు: సంతోషం. స్నేహితుడు తాగి నడిపే కారు కూడా ఎక్కవద్దని చెప్పండి.

వ్యాఖ్యాత: పుత్తూరు నుంచి.

శ్రోత (పుత్తూరు): శ్రీలంక వెళ్తున్నాం సార్, ఎనిమిది మందిమి. ఏమైనా ఇబ్బందా?

సలహాదారు: క్యాలెండర్ చూసుకోండి. ప్రతి పౌర్ణమీ వారికి 'పోయ' దినం, అంటే బౌద్ధుల పవిత్ర దినం. ఆ రోజు మద్యం అమ్మరు.

శ్రోత: మేం బయలుదేరేదే పౌర్ణమికి!

సలహాదారు: అయితే ఆ రోజు గుళ్లు చూడండి.

వ్యాఖ్యాత: శ్రీకాళహస్తి నుంచి.

శ్రోత (శ్రీకాళహస్తి): సార్, ఇక్కడ మన షాపుల్లో రేట్లు చూశారా? అసలు ఎమ్మార్పీకి...

వ్యాఖ్యాత: అది ఈరోజు అంశం కాదండీ. ధన్యవాదాలు. చివరి ఫోను... మళ్లీ పీలేరు నుంచే. చెప్పండమ్మా.

శ్రోత (పీలేరు): ఇందాక మాట్లాడింది మా ఇంటాయన సార్. పెట్టె విప్పేశాం. సీసా బీరువా పైన పెట్టారు.

సలహాదారు: బీరువా పైన ఎందుకమ్మా? ఆ తమ్ముడికి ఫోన్ చేసి తీసుకుపొమ్మనండి.

శ్రోత: చెప్తాను సార్. నేను అడిగేది వేరే. మసాలా పొడి కొట్టి పెట్టాను వాడికి, కేజీ. అందులో గసగసాలు ఉన్నాయి. ఏమైనా అంటారా?

సలహాదారు: అమ్మా! మంచి ప్రశ్న అడిగారు. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. యూఏఈ, సౌదీల్లో వాటిని మత్తు పదార్థాల కింద లెక్కపెడతారు. కువైట్‌కూ పెట్టకండి, ఆ పొడి ఇంట్లోనే వాడుకోండి.

శ్రోత: కేజీ సార్! నిన్నంతా రోట్లో దంచాను.

సలహాదారు: రాత్రికి గసగసాలు లేకుండా ఇంకో అరకేజీ కొట్టండి తల్లీ. ధనియాలు, మిరియాలు, లవంగాలు ఉంటే చాలు.

శ్రోత: పచ్చిమిరపకాయ తొక్కు?

సలహాదారు: పెట్టండి. మూత బిగించి, కవర్లో చుట్టి పెట్టండి.