తిరుపతిలో ఏషియన్ బఫే లంచ్: ఇంట్లో శాకాహారులుంటే సాసు సంగతి అడగండి

నమస్కారం అండీ. ఈరోజు ఏషియన్ బఫే గురించి మాట్లాడుకుందాం. తలకి ఇంత అని కట్టేస్తే చైనీస్, థాయ్, జపనీస్, కొరియన్ వంటలన్నీ వరసగా పెట్టి, ఎంత కావాలంటే అంత తినమంటారు కదా, ఆ లంచ్ సంగతే.

బఫే వీడియోల్లో ఎన్ని రకాలు పెట్టారు, రేటెంత అనేదే ఎక్కువగా చూపిస్తారు. నేను చెప్పాలనుకున్నది వేరే. మన చిత్తూరు, తిరుపతి ఇళ్లల్లో ఒక్క టేబుల్ మీద ఎన్ని నియమాలుంటాయో చూడండి. శనివారం నీసు ముట్టని నాన్న, పెరటాసి నెలంతా మానేసే అత్త, పుట్టి బుద్ధెరిగి తినని అవ్వ, రొయ్యలు కనిపిస్తే ఆగని పిల్లలు. అందరూ కలిసే వెళ్తాం, అందరికీ ఒకటే ప్లేటు ఇస్తారు.

కొండ మీద వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఈ బెంగే లేదు. 1985లో మొదలైన నిత్యాన్నదానం అది. పంక్తిలో కూర్చుంటే వడ్డించేవాళ్లు వస్తారు, ఇంకొంచెం అంటే ఇంకొంచెం వేస్తారు. కొండ మీద మాంసమే నిషేధం కాబట్టి ఇందులో ఏం కలిసిందోనని ఎవరూ అడగక్కర్లేదు. ఆ ధీమాతోనే దర్శనం చేసుకుని కిందికొచ్చి, బఫేలో వెజ్ అని చీటీ కనిపించగానే వడ్డించేసుకుంటాం. అక్కడే ఒక్క నిమిషం ఆగాలి.

థాయ్ గ్రీన్ కర్రీనే తీసుకోండి. కొబ్బరిపాలు, వంకాయ, బేబీ కార్న్, పైన తులసి లాంటి ఆకు. ముక్క లేదు, ముల్లు లేదు. కానీ థాయ్ పద్ధతిలో ఆ పచ్చిమిర్చి ముద్ద నూరేటప్పుడే ఉప్పేసి పులియబెట్టిన రొయ్యల ముద్ద కూడా వేసి నూరతారు. తర్వాత ఉప్పదనం కోసం ఫిష్ సాస్ పోస్తారు. నెత్తళ్ల లాంటి చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి దించిన రసం అది. కొబ్బరిపాల కమ్మదనంలో ఆ వాసన తెలియను కూడా తెలియదు.

కొరియా వాళ్ల కిమ్చీ ఎర్రగా మన ఊరగాయలాగే నోరూరిస్తుంది. క్యాబేజీయే కదా అనుకుంటాం, కానీ మామూలుగా అందులో ఉప్పు రొయ్యలో, ఫిష్ సాసో పడుతుంది. జపాన్ మీసో సూప్‌లో ముద్ద సోయాతో చేసిందే అయినా, దాన్ని కలిపే నీళ్లు చాలాసార్లు ఎండుచేప తురుము మరిగించి తీసినవి. సముద్రపు నాచు ఒక్కదానితో కూడా ఆ నీళ్లు తీయొచ్చు, కాబట్టి అడిగితే తేలిపోతుంది. చైనీస్ వైపు నిగనిగలాడే బ్రోకలీ, బోక్ చాయ్ మీద ఆల్చిప్పల రసంతో చేసే ఆయిస్టర్ సాస్ ఉండొచ్చు. హాట్ అండ్ సోర్ సూప్‌లో చికెన్ ఉడికించిన నీళ్లుండొచ్చు. నూడుల్స్‌లో గుడ్డు సంగతి సరేసరి.

ఇందులో ఎవరూ మోసం చేస్తున్నారని కాదండీ. ఆ దేశాల్లో ఆ రుచికి మూలమే అది. మన దగ్గర చాలామంది వంటవాళ్లు వెజ్‌కి విడిగానే చేస్తారు, ఆయిస్టర్ సాస్ బదులు పుట్టగొడుగుల సాస్ వాడతారు. అడిగే పద్ధతి మాత్రం మార్చుకోవాలి. ఇది వెజ్జేనా అంటే, వడ్డించే అబ్బాయి చీటీ చూసి అవునంటాడు. పాపం, అతనికి అంతకంటే తెలియకపోవచ్చు. చెఫ్‌ని పిలిపించి, ఫిష్ సాస్ వేశారా అన్నా, సూప్ నీళ్లు దేంతో తీశారు అని అడగండి. తడుముకోకుండా చెప్పాడా, నిశ్చింతగా తినండి. నసిగితే ఆ ట్రే వదిలేయడమే మంచిది, పక్కన ఇంకో పది ఉంటాయి.

పట్టుకారు కూడా చూసుకోండి. వెజ్ స్ప్రింగ్ రోల్స్ పక్కనే రొయ్యల టెంపురా పెడతారు, జనం ఒకే పట్టుకారుతో రెండూ తీస్తారు. రెండూ ఒకే నూనెలో వేయించారేమో అడగడంలో తప్పేం లేదు. సుషీ విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది: పచ్చిచేప పెట్టినవి చల్లగా, 5 డిగ్రీల లోపు ఉండాలి. కింద ఐస్ లేకుండా బయట పెట్టి ఉంటే, అందులోనూ మన ఊరి ఎండల్లో, మాంసం తినేవాళ్లు కూడా ముట్టుకోవద్దు.

బిల్లు గురించి రెండు ముక్కలు. రెండు గరిటెలు తినే అవ్వకీ, కాలేజీ కుర్రాడికీ ఒకటే రేటు వేయడం నాకు న్యాయంగా అనిపించదు. పిల్లలకి తగ్గించే చోట పెద్దవాళ్లకీ తగ్గిస్తారేమో కూర్చోకముందే అడగండి. సర్వీస్ చార్జీ కచ్చితం కాదని 2022 జులైలోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, తీసేయమని అడగొచ్చు.

మరి అవ్వకి ఏం పెట్టాలి? లైవ్ కౌంటర్‌లో థాయ్ బొప్పాయి సలాడ్ ఉందేమో చూడండి. పచ్చి బొప్పాయి తురుము, చెనిక్కాయలు, పచ్చిమిర్చి, నిమ్మరసం, కాస్త బెల్లం, అన్నీ రోట్లో కచ్చాపచ్చాగా దంచుతారు. మామూలుగా ఇందులోనూ ఎండురొయ్యలు, ఫిష్ సాస్ పడతాయి. కానీ మన కళ్లెదురుగా దంచేది కాబట్టి, రోలు కడిగించి, అవి మానేసి ఉప్పు వేయమంటే సరిపోతుంది. పులుపు, కారం, తీపి ఒక్కసారిగా తగులుతాయి, పంటికింద చెనిక్కాయ పలుకు. రాయలసీమ నాలుకకి అది పరాయి తిండిలా ఉండదు, ఒకసారి తినిపించి చూడండి.

కర్రీకి మాత్రం ఆఖరి నిమిషంలో చెప్తే లాభం లేదు. ముద్ద ముందే నూరి పెట్టుకుంటారు. ఆదివారం లంచ్‌కి వెళ్లేటట్టయితే శనివారమే ఫోన్ చేసి, మాలో ఇంతమంది శాకాహారులు, రొయ్యల ముద్ద వేయకముందే కొంచెం విడిగా తీసి పెట్టండి, అందులో ఫిష్ సాస్ కూడా పోయొద్దు అని చెప్పండి.