పీవీ ఓడింది రెండుసార్లే, మరి జనం నాయకుడు కాదని ఎందుకంటారు?

యాంకర్: నమస్తే అండి. ఇవాళ్టి చర్చ పీవీ నరసింహారావు గారి ఎన్నికల చరిత్ర మీద. ఆర్థిక సంస్కరణల మీద, బాబ్రీ మసీదు మీద ఇప్పటికే చాలా చర్చలు నడిచాయి, వాటిని ఈరోజు పక్కన పెడదాం. 1952 నుంచి 1996 దాకా ఆయన ఎక్కడెక్కడ నిలబడ్డారు, ఎవరి మీద నిలబడ్డారు, ఎందుకు గెలిచారు, ఎందుకు ఓడారు, అంతవరకే. సార్, ముందు మీరు మొదలుపెట్టండి. ఆయనకి జనంలో పట్టు లేదు, అంతా ఢిల్లీ దయ అంటారు. నిజమేనా?

జర్నలిస్ట్: కాదు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. లెక్క చూడండి. అసెంబ్లీకి మంథని నుంచి 1957, 1962, 1967, 1972, వరుసగా నాలుగుసార్లు గెలిచారు. లోక్‌సభకి హనుమకొండ నుంచి 1977లో, 1980లో గెలిచారు. మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి 1984లో, 1989లో. 1991లో నంద్యాల ఉప ఎన్నిక. 1996లో నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురం, రెండూ గెలిచారు. ఓడింది రెండుసార్లే, 1952లో ఒకసారి, 1984లో రెండు చోట్ల నిలబడి హనుమకొండలో ఒకసారి. మూడు రాష్ట్రాల నుంచి లోక్‌సభకి గెలిచిన మనిషిని పట్టుకుని జనంలో బలం లేదంటే ఎట్లా?

లెక్చరర్: సార్ చెప్పిన అంకెలన్నీ కరెక్టే. నేను అడిగేది వేరే. ఆ గెలుపుల్లో పార్టీ వాటా ఎంత, ఆయన వాటా ఎంత? 1977 తీసుకోండి. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది, ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో ఓడిపోయారు, కానీ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42కి 41 సీట్లు కాంగ్రెస్‌వే. ఆ ఒక్కటీ నంద్యాల, అక్కడ జనతా పార్టీ నుంచి నీలం సంజీవరెడ్డి గారు గెలిచారు. 1980లో మళ్లీ 41, ఆ ఒక్కటీ పార్వతీపురం. అలాంటి ఏడాదుల్లో హనుమకొండలో కాంగ్రెస్ టికెట్ మీద గెలవడాన్ని సొంత బలం కింద రాసుకోగలమా? నాకైతే నమ్మకం లేదు.

యాంకర్: అంటే ఎవరిని నిలబెట్టినా గెలిచేవారని మీ ఉద్దేశం?

లెక్చరర్: దాదాపుగా అంతే. గాలి మన వైపు ఉన్నప్పుడు వచ్చిన ఓట్లు మనిషి బలాన్ని చూపించవు. ఎదురుగాలిలో ఎన్ని ఓట్లు నిలబెట్టుకున్నాడన్నదే చూడాలి.

కార్యకర్త: మేడమ్, ఒక్క నిమిషం. మాది మంథని దిక్కు, నేను ఆ పార్టీలోనే పనిచేసినోణ్ని, కాబట్టి కొంచెం అభిమానం ఉంటది, దాచుకోను. కానీ మీరు 1977 నుంచి లెక్క మొదలుపెడితే ఆయన ఇరవై ఏళ్ల ఎమ్మెల్యే జీవితం గాయబ్ అయిపోతది. మంథని అంటే ఒక దిక్కు గోదావరి, ఒక దిక్కు మహదేవపూర్ అడవులు. పీవీ గారి ఊరు వంగర, అది మంథని నియోజకవర్గంలో లేదు, చాలా దూరం. బయటి నుంచి వచ్చి నాలుగుసార్లు గెలిచిండు. 1967లో దేశంలో ఎన్నో రాష్ట్రాల్లో కాంగ్రెస్ దెబ్బతిన్నది, ఆయన మాత్రం మంథనిలో నిలబడ్డడు. అది మీరన్న ఎదురుగాలి కాదా?

లెక్చరర్: మంచి ప్రశ్న అన్నా. కానీ 1983 చూడండి. ఎన్టీఆర్ ప్రభంజనంలో కూడా మంథనిలో కాంగ్రెస్ నుంచి శ్రీపాదరావు గారు గెలిచారు, 1985లోనూ ఆయనే, 1989లోనూ ఆయనే. అప్పటికి పీవీ గారు మంథని వదిలి ఎన్నేళ్లయింది? మంథని కాంగ్రెస్‌కి గట్టి సీటు అని కదా దీనర్థం?

కార్యకర్త: ఆ గట్టితనం ఎక్కడి నుంచి వచ్చిందంటున్నా నేను! ఇరవై ఏళ్లు ఒక మనిషి పనిచేస్తే వచ్చింది. తర్వాతోళ్లు కూడా పనిచేసిండ్రు, కాదనను.

జర్నలిస్ట్: 1952 సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మేడమ్ అడిగిన ఎదురుగాలి అసలు అక్కడే ఉంది. అది హైదరాబాద్ రాష్ట్రం. తెలంగాణ సాయుధ పోరాటం ఆగి ఏడాది కూడా కాలేదు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే వాళ్లు పీడీఎఫ్, అంటే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్గొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి! అలాంటి ఎన్నికల్లో ముప్పై ఏళ్ల పీవీ కరీంనగర్ ప్రాంతం నుంచి లోక్‌సభకి నిలబడి బద్దం ఎల్లారెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. ఆ ఓటమిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయినా ఐదేళ్ల తర్వాత అదే జిల్లాలో అసెంబ్లీకి వచ్చి గెలిచారు. ఓడిన కుర్రాడు జిల్లా వదిలి పోలేదు కదా.

యాంకర్: సరే, 1972కి వద్దాం. ముఖ్యమంత్రిగా ఆయన పార్టీని నడిపించిన అసెంబ్లీ ఎన్నిక అదొక్కటే. 287లో 219 సీట్లు వచ్చాయి.

జర్నలిస్ట్: దాన్ని కూడా ఇందిరాగాంధీ ఖాతాలో వేసేస్తారు. బంగ్లాదేశ్ యుద్ధం గెలిచిన ఊపు ఉంది, నిజమే. కానీ అంతకు ఏడాది ముందు, 1971 లోక్‌సభ ఎన్నికల్లో, తెలంగాణలోని 14 సీట్లలో 10 ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజాసమితి గెలుచుకుంది. ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిశాక పీవీని ముఖ్యమంత్రిని చేశారు. టికెట్లలో వెనుకబడిన వర్గాలకి చోటు పెంచారు, పెద్ద పెద్ద భూస్వాముల పట్టు తగ్గించాలని చూశారు. ఆ తర్వాత భూపరిమితి చట్టం కోసం నిలబడ్డారు, తన సొంత భూములు కూడా వదులుకున్నారు. ఆయన కుర్చీ కదిలింది అక్కడే. 1972 అక్టోబర్‌లో ముల్కీ నిబంధనలు, అంటే తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అన్న రూల్స్, చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు, ప్రత్యేక ఆంధ్ర కోసం జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరికల్లా రాష్ట్రపతి పాలన. ఏడాది కూడా తిరగకుండానే అంత పెద్ద మెజారిటీ చేతుల్లోంచి జారిపోయింది.

లెక్చరర్: నేను చెప్పేదీ అదే సార్. 219 మంది ఎమ్మెల్యేలు ఉన్నారు, ఆయన వెనక నిలబడే సొంత వర్గం లేదు. గెలిచిన వాళ్లలో తన వాళ్లు ఎంతమంది అనేది కూడా ఎన్నికల రికార్డులో భాగమే.

యాంకర్: 1984 గురించి అందరూ ఎదురు చూస్తున్నారు. హనుమకొండ.

లెక్చరర్: ఆయన చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఎన్నిక అదే. ఇందిరాగాంధీ హత్య తర్వాత సానుభూతి వెల్లువ, దేశమంతా కాంగ్రెస్‌కి 400కి పైగా సీట్లు. బీజేపీకి దేశం మొత్తంలో రెండే, గుజరాత్‌లో మెహసానా ఒకటి, రెండోది హనుమకొండ. చందుపట్ల జంగారెడ్డి గారు యాభై వేలకి పైగా మెజారిటీతో పీవీని ఓడించారు. నాలుగేళ్లు విదేశాంగ మంత్రి, తర్వాత హోంమంత్రి, ఇంటి దగ్గరి సీటులో ఓటమి.

జర్నలిస్ట్: ఆగండి మేడమ్, ఆ రెండో సగం కూడా చెప్పాలి. అది ఒక్క బీజేపీ ఓటు కాదు. ఆగస్టులో ఎన్టీఆర్‌ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేశారు, నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టారు, నెల రోజుల్లో మళ్లీ ఎన్టీఆర్‌కి ఇవ్వాల్సి వచ్చింది. జనం కసి మీద ఉన్నారు. దేశమంతా ఒక తీరుగా ఓటేస్తే మన దగ్గర తెలుగుదేశం 30 ఎంపీ సీట్లు గెలిచి పార్లమెంటులో అతి పెద్ద ప్రతిపక్షం అయింది. హనుమకొండలో తెలుగుదేశం మద్దతు జంగారెడ్డి గారికే. ఆయన స్థానికంగా ఎమ్మెల్యేగా పనిచేసి పేరున్న మనిషి. అక్కడ ఎవరు నిలబడినా ఓడేవారు.

లెక్చరర్: సార్, 1977లో ఎవరు నిలబడినా గెలిచేవారని నేనంటే మీరు ఒప్పుకోలేదు!

(నవ్వులు)

జర్నలిస్ట్: (నవ్వుతూ) సరే, ఆ పాయింట్ మీదే.

కార్యకర్త: నాకు బాధ అనిపించేది ఓటమి కాదు. ఆ తర్వాత ఆయన మళ్లీ తెలంగాణల పోటీ చేయలేదు. 1989లో మన రాష్ట్రంలో కాంగ్రెస్ 39 ఎంపీ సీట్లు గెలిచింది. ఆ గాలిలో హనుమకొండకి వస్తే గెలిచేటోడే. రాంటెక్‌లోనే ఉండిపోయిండు.

జర్నలిస్ట్: రాంటెక్ మీద చిన్న మాట. అది నాగపూర్ పక్కనే. ఆయన నాగపూర్‌లో చదువుకున్నారు, మరాఠీ బాగా మాట్లాడతారు. అక్కడి ఓటర్లతో వాళ్ల భాషలోనే మాట్లాడగలిగారు, రెండోసారి కూడా గెలిచారు. దాన్ని పారిపోవడం అనకండి.

కార్యకర్త: పారిపోయిండని నేననలేదు సార్. ఇంటికి రాలేదన్న.

యాంకర్: ఇక నంద్యాల. 1991లో అసలు పోటీయే చేయలేదు, ఢిల్లీ నుంచి సామాను సర్దుకుంటున్న మనిషి, రాజీవ్‌గాంధీ హత్య తర్వాత జూన్ 21న ప్రధాని అయ్యారు. ఆరు నెలల్లో ఏదో ఒక సభకి ఎన్నిక కావాలి. గంగుల ప్రతాపరెడ్డి గారు నంద్యాల ఖాళీ చేశారు.

జర్నలిస్ట్: మెజారిటీ 5 లక్షల 80 వేలకి పైగా! రాజ్యసభ దారి ఉంది కదా, ఆయన జనం దగ్గరికి వెళ్లారు, అది గౌరవించాల్సిన విషయం. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థిని పెట్టలేదు, అది కూడా అంతే గొప్ప విషయం. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ గారు నిలబడ్డారు.

లెక్చరర్: ప్రధాన ప్రతిపక్షం లేని పోటీలో వచ్చిన మెజారిటీ అది. జనం ఇష్టంగానే వేశారు, నేను కాదనడం లేదు. కానీ దాని పక్కన 1996 పెట్టండి. అదే నంద్యాల, అదే మనిషి, ఈసారి తెలుగుదేశం నుంచి భూమా నాగిరెడ్డి గారు ఉన్నారు. మెజారిటీ లక్ష లోపుకి దిగింది. నా దృష్టిలో ఆయన సొంత బలాన్ని ఏ ఎన్నికైనా సరిగ్గా చూపించిందంటే అది 1996 నంద్యాలే. ప్రధానిగా ఐదేళ్ల వ్యతిరేకత ఉంది, పార్టీ దేశంలో 140 సీట్లకి పడిపోయింది, 1994లో ఇదే రాష్ట్రంలో అసెంబ్లీలో 26 సీట్లకి కుప్పకూలింది. అంత ఎదురుగాలిలో, గట్టి అభ్యర్థి మీద గెలిచారు. 5 లక్షల 80 వేల కంటే దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

యాంకర్: ఇది మాత్రం మీ నుంచి నేను ఎదురు చూడలేదు మేడమ్.

లెక్చరర్: నేను ఆయనకి వ్యతిరేకం కాదండీ. లెక్క సరిగ్గా వేయమంటున్నా, అంతే.

జర్నలిస్ట్: నేను కూడా ఒకటి ఒప్పుకుంటాను. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలో కాంగ్రెస్‌కి 22 ఎంపీ సీట్లు వచ్చాయి, తెలుగుదేశంలో చీలిక సాయం చేసింది. నంద్యాలలోనూ కొంత పనిచేసి ఉండొచ్చు.

కార్యకర్త: గెలిచి ఏం లాభం, నంద్యాల వదిలేసి బరంపురం ఉంచుకుండు. ఉప ఎన్నికలో భూమా నాగిరెడ్డి గారే గెలిచిండు. అన్ని ఓట్లేసిన నంద్యాల జనానికి అదెట్లనిపించి ఉంటది? ఆయన అభిమానిగా చెప్తున్న, అది చేయకుండా ఉండాల్సింది.

జర్నలిస్ట్: దానికి నా దగ్గర సమాధానం లేదు. నాకూ అది నచ్చలేదు.

యాంకర్: 1998?

జర్నలిస్ట్: టికెట్ ఇవ్వలేదు. పార్టీ అధ్యక్షుడు సీతారాం కేసరి. ఐదేళ్లు ప్రధానిగా చేసి, పోటీ చేసిన ఆఖరి ఎన్నికలో రెండు చోట్లా గెలిచిన మనిషికి ఒక్క సీటు ఇవ్వలేదు. ఇక ఆ తర్వాత ఆయన పోటీయే చేయలేదు.

కార్యకర్త: మంథనిల ఇండిపెండెంట్‌గా నిలబడ్డా మేం గెలిపించుకునేటోళ్లం.

లెక్చరర్: అది మాత్రం చూసి ఉంటే బాగుండేది అన్నా.