కొత్త ఉప్పునీటి అక్వేరియం: పీహెచ్ పెంచే ముందు ఇది చూడండి

(తెర మీద: రాళ్లు, ఇసుక వేసిన కొత్త ట్యాంక్)

ట్యాంక్ పెట్టి రెండు వారాలైంది. నీళ్లు తేటగా ఉన్నాయి. టెస్ట్ చేస్తే మాత్రం అమ్మోనియా ఉంది, పీహెచ్ 7.8 చూపిస్తోంది. పీహెచ్ తక్కువుందని దాన్ని పెంచే బఫర్ పొడి కలపబోతున్నారా? దయచేసి ఒక్క నిమిషం ఆగండి.

నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. చేపను చంపేది అందులో ఒకటే. పీహెచ్ పెరిగేకొద్దీ ఆ విషరూపం పెరుగుతుంది. 7.8 నుంచి 8.2కి తీసుకెళ్తే రెండు రెట్లు దాటిపోతుంది. అంటే చేపలున్న ట్యాంకులో మీరు చేద్దామనుకున్న మేలే వాటి ప్రాణం మీదకు తెస్తుంది. ముందు అమ్మోనియా సంగతి చూడాలి.

చేపలుంటే ఈరోజే కొంత నీళ్లు మార్చండి. కొత్త నీళ్ల వేడి, ఉప్పు ట్యాంకుతో సరిపోవాలి. చేపలు లేకపోతే కంగారేం లేదు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద పెరగాలి. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

(తెర మీద: నైట్రేట్ టెస్ట్ గొట్టంలో ముదురు రంగు)

ఈ దశలో నైట్రేట్ విపరీతంగా కనిపిస్తే నమ్మకండి. చాలా కిట్లు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి కొలుస్తాయి. నీళ్లలో ముందే ఉన్న నైట్రైట్ కూడా ఆ లెక్కలో కలిసిపోతుంది. నైట్రైట్ సున్నాకి వచ్చాకే ఆ అంకెకు విలువ. నైట్రైట్ గురించి మరీ భయపడక్కర్లేదు కూడా. ఉప్పునీటిలో ఉండే క్లోరైడ్ దాన్ని చేప ఒంట్లోకి అంతగా పోనివ్వదు.

ఇప్పుడు ఉప్పు. సముద్రంలో ఇది 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ ద్రావణంతోనే సరిచూసుకోండి. మంచినీళ్లతో సున్నా దగ్గర సరిచేసినా పైన తేడా మిగిలిపోవచ్చు. గాజు మీద రెండు చుక్కలు వేసి, బుడగ లేకుండా మూత వాల్చి, అర నిమిషం ఆగి చదవండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గినంత మేరా ఉప్పులేని శుద్ధి చేసిన నీళ్లే పోయాలి.

(తెర మీద: గ్లాసు నీళ్లలో ఎయిర్ స్టోన్)

ఇక పీహెచ్. మొదట ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే నీళ్ల శక్తి, కొలవండి. అది 8 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం) పైన ఉండి కూడా పీహెచ్ తక్కువుంటే, అనుమానించాల్సింది గది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నే. ఒక గ్లాసు ట్యాంక్ నీళ్లు ఆరుబయట పెట్టి, ఎయిర్ పంపుతో గంటసేపు గాలి కొట్టి మళ్లీ కొలవండి. పీహెచ్ పెరిగిందా? అయితే తప్పు గదిలో ఉంది. కిటికీలు తీయండి, స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే పరికరం) గాలి గొట్టాన్ని బయటికి వేయండి. నాకైతే ఏ పొడి కన్నా ఈ గ్లాసు పరీక్ష మీదే నమ్మకం.

ఆల్కలినిటీయే తక్కువైతే, అమ్మోనియా పోయాక బఫర్ వాడండి, రోజుకు 1 డీకేహెచ్ మించకుండా. ఒక్కసారే గుమ్మరిస్తే కాల్షియం కార్బొనేట్ తెల్లగా విరిగి నీళ్లు మసకబారతాయి, హీటర్ మీద పెచ్చు కడుతుంది.

ఇసుక మీద గోధుమరంగు పొర వచ్చిందా? కొత్త ట్యాంకుల్లో మామూలే, దానంతటదే పోతుంది.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాక నీళ్లు ఎక్కువగా మార్చి, ఒక్క చేపను వదలండి. ఆ వారమంతా రోజూ అమ్మోనియా చూడండి. సున్నా దాటకపోతేనే రెండో చేప.